ఎక్కడి వరద? ఎక్కడి ధర?

2011వ సంవత్సరం దీపావళి వెళ్ళిన కొద్దిరోజులకే మన దేశంలోని కంప్యూటరు దుకాణాల్లో ఒక విడ్డూరం జరిగింది. సెప్టెంబరులో ఒక ధరకు అమ్మిన హార్డ్ డిస్కు నవంబరు వచ్చేసరికి దాదాపు రెట్టింపు ధర పలికింది. కొన్ని దుకాణాల్లో అసలు సరుకే లేదు. "ఇదేమిటయ్యా, ఇంత పెంచేశావు?" అని అడిగినవారికి దుకాణదారు చెప్పిన జవాబు ఒక్కటే: "థాయ్‌లాండులో వరదలండీ!"

ఆ మాట విన్నవాళ్ళలో చాలామంది నమ్మి ఉండరు. ధర పెంచదలచుకున్న వ్యాపారికి సాకు దొరకడం కష్టమా? కాని ఈసారి ఆ మాట అక్షరాలా నిజం. ఎక్కడో సముద్రానికి అవతల పొలాల మీదుగా పారిన నీరు ఇక్కడి దుకాణం అర దాకా ఏ దారిన వచ్చింది? ఆ దారి వెంట ఒకసారి నడిచి చూద్దాం.

ముందుగా ఈ హార్డ్ డిస్కు అంటే ఏమిటో తెలుసుకోవాలి. మీ ఇళ్ళలోని ఫోన్లలోనూ, ఇప్పటి చాలా లాప్‌టాప్‌లలోనూ అది ఉండదు. సమాచారమంతా చిప్పుల్లో దాస్తున్నారు. కాని 2011లో దాదాపు ప్రతి కంప్యూటరులోనూ అది ఉండేది. పెద్ద పెద్ద డేటా కేంద్రాల్లో ఇప్పటికీ ఉంది. అద్దంలా మెరిసే పళ్ళెం ఒకటి నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతూ ఉంటుంది. ఆ పళ్ళెం మీద అయస్కాంత గుర్తులను చదివే చిన్న "తల" ఒకటి దానికి తగలకుండా, గాలిపొర మీద తేలుతూ ఉంటుంది. తలకూ పళ్ళేనికీ మధ్య దూరం కొద్ది నానోమీటర్లు మాత్రమే. నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు. మన వెంట్రుక మందం అంతకు వేల రెట్లు ఉంటుంది. మధ్యలో ఒక్క దుమ్ముకణం పడితే కొండరాయి దొర్లినట్టే! అందుకే వీటిని తయారు చేసే గదుల్లో గాలిని వడపోసి పంపుతారు. పనివాళ్ళు ఒళ్ళంతా కప్పే దుస్తులు వేసుకొని లోపలికి వెళతారు.

ఇంత శుభ్రంగా ఉండవలసిన గదుల్లోకి బురదనీరు రెండు మూడు మీటర్ల ఎత్తున వచ్చి చేరింది. అదీ కథ.

నడిచి వచ్చిన వరద

థాయ్‌లాండు ఉత్తరాన కొండల్లో పింగ్, వాంగ్, యోమ్, నాన్ అనే నదులు పుడతాయి. ఈ నీళ్ళన్నీ నకోన్ సవాన్ అనే పట్టణం దగ్గర కలిసి చావ్ ప్రయా నది అవుతాయి. (నకోన్ అంటే మన "నగరమే", సవాన్ అంటే "స్వర్గమే". థాయ్ భాషలో ఇలాంటి మాటలు కావలసినన్ని ఉన్నాయి.) అక్కడినుంచి ఆ నది సుమారు 370 కిలోమీటర్లు ప్రవహించి, రాజధాని బాంకాక్ మీదుగా సముద్రంలో కలుస్తుంది. దారిలో అయుత్తయ అనే పాత రాజధాని ఉంది. ఆ పేరు మన అయోధ్య నుంచి వచ్చిందే.

2011లో థాయ్‌లాండులో వానలు మామూలుకంటే బాగా ఎక్కువ కురిశాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఒకదాని వెనుక ఒకటిగా ఐదు తుపానుల ప్రభావం ఆ దేశం మీద పడింది. పింగ్ నది మీద భూమిబల్ ఆనకట్ట, నాన్ నది మీద సిరికిట్ ఆనకట్ట ఉన్నాయి. రెండూ చాలా పెద్ద జలాశయాలు. అవి అక్టోబరు మొదటికల్లా నిండిపోయాయి. ముందే ఖాళీ చేసి ఉంచవలసిందని తరువాత చాలామంది అన్నారు. అనడం తేలికే. అంతకుముందు ఏడాది అక్కడ నీటికి కటకట. జలాశయం నింపితే వరద భయం, ఖాళీగా ఉంచితే ఎండాకాలం భయం. రాబోయే వానను ముందుగా ఎవరూ కొలిచి చెప్పలేరు కనుక ఆనకట్ట మీద కూర్చున్నవాడికి ఈ చిక్కు ఎప్పుడూ ఉన్నదే.

మన గోదావరి వరద భద్రాచలం దాటిందంటే ఒకటి రెండు రోజుల్లో ధవళేశ్వరం చేరుతుంది. చావ్ ప్రయా మైదానం అలా కాదు, బల్లపరుపుగా ఉంటుంది. అయుత్తయ పరిసరాలు సముద్రమట్టానికి నాలుగైదు మీటర్ల లోపే ఉంటాయి. అందుచేత గట్లు దాటిన నీరు పరుగెత్తలేదు. రోజుకు కొద్ది కిలోమీటర్ల చొప్పున, పొలాల మీదుగా మెల్లగా నడుస్తూ వచ్చింది. రేపు మన వంతు, ఎల్లుండి పక్కవారి వంతు అని జనం చూస్తూ ఉండగానే వచ్చింది. ఇసుక బస్తాలు పేర్చారు. మట్టికట్టలు వేశారు. నీరు కాచుకొని కూర్చుని, ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ తెగగొట్టింది.

పూర్వం అక్కడివారికి వరద కొత్తేమీ కాదు. ఇళ్ళను గుంజల మీద ఎత్తుగా కట్టుకునేవారు. వరదకాలంలో పడవల మీద తిరిగేవారు. అక్కడ పండే ఒక రకం వరి ఉంది. నీరు పెరిగినకొద్దీ తానూ పెరుగుతుంది. రోజుకు 20 సెంటీమీటర్లకు పైగా సాగి తలను నీటిపైన ఉంచుకోగలదు! దానికి ఆ శక్తినిచ్చే జన్యువులను జపాను శాస్త్రజ్ఞులు 2009లో గుర్తించారు. వాటికి "స్నార్కెల్" అని పేరు పెట్టారు. నీటిలో ఈదేవారు గాలికోసం నోటపెట్టుకునే గొట్టం పేరది. బాగా కుదిరింది.

ఇంటికి గుంజలు ఉన్నాయి, వరికి సాగే కాడ ఉంది. మరి కర్మాగారానికో? ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో అవే వరిపొలాలను చదును చేసి పారిశ్రామికవాడలు కట్టారు. భూమి చవక, బాంకాక్ దగ్గర, రోడ్డు సౌకర్యం ఉంది, పనివాళ్ళు దొరుకుతారు. కాంక్రీటు నేలమీదే యంత్రాలను బిగించారు. 2011 అక్టోబరు 4 నుంచి 20 లోపల అటువంటి వాడలు ఏడు ఒకటొకటిగా మునిగిపోయాయి. సహ రత్తన నకోన్ (సహరత్న నగరం), రోజనా, హైటెక్, బాంగ్ పా-ఇన్, ఫాక్టరీలాండ్, నవ నకోన్ (నవ నగరం), బాంగ్‌కడీ. వీటిలో 800కు పైగా కంపెనీలు ఉండేవి. సగానికి పైగా జపానువారివి.

వరదలో చనిపోయినవారు 800 మందికి పైనే. ఇకముందు ధరలు, యంత్రాలు, మోటార్లు అంటూ మాట్లాడుకుంటాం. ఈ అంకెను మాత్రం మనసులో పెట్టుకొనే చదవండి.

బండి చీల

ఇప్పుడు మీకొక చిన్న ప్రశ్న. ఎడ్లబండి చక్రం ఇరుసు నుంచి జారిపోకుండా చివర ఒక ఇనుప చీల పెడతారు. బండి ఖరీదులో ఆ చీల ఖరీదు ఎంత? లెక్కలోకి కూడా రాదు. కాని చీల లేని బండి ఒక్క ఫర్లాంగు నడుస్తుందా?

ఆధునిక పరిశ్రమ అంతా ఇలాంటి చీలలతో నిండి ఉంది. ఒక మోటారు కారులో సుమారు 20 వేల నుంచి 30 వేల దాకా విడిభాగాలు ఉంటాయి. 29,999 భాగాలు వచ్చి ఒక్కటి రాకపోయినా కారు గేటు దాటదు. హార్డ్ డిస్కులో అంత పెద్ద లెక్క లేదు కాని, చిక్కు అదే. పళ్ళెం కావాలి, తల కావాలి, తలను పట్టుకునే సన్నని రేకు కావాలి, పళ్ళేన్ని తిప్పే మోటారు కావాలి.

ఆనాడు ప్రపంచంలో తయారయ్యే హార్డ్ డిస్కుల్లో సుమారు 40 శాతం థాయ్‌లాండులో తయారయ్యేవి. 1983లో సీగేట్ అనే అమెరికను కంపెనీ అక్కడ అడుగుపెట్టింది. దాని వెనుక మరికొందరు వచ్చారు. వీళ్ళకు భాగాలు అమ్మేవాళ్ళు వీళ్ళ పక్కనే కర్మాగారాలు పెట్టుకున్నారు. కుమ్మరి ఉన్నచోటికి మట్టిబండి, కంసాలి ఉన్నచోటికి బొగ్గుబస్తా వచ్చినట్టే. దగ్గరగా ఉంటే రవాణా ఖర్చు తగ్గుతుంది, పని నేర్చినవాళ్ళు దొరుకుతారు. మంచిదే. ఒకే గంపలో గుడ్లన్నీ పెట్టామని మాత్రం గంప జారినప్పుడే తెలుస్తుంది.

వెస్టర్న్ డిజిటల్ అనే కంపెనీ తన డిస్కుల్లో 60 శాతం దాకా థాయ్‌లాండులోనే తయారు చేసేది. దాని బాంగ్ పా-ఇన్ కర్మాగారం మునిగిపోయింది. ఆ కంపెనీ 2011 జులై-సెప్టెంబరు మధ్య 5 కోట్ల 78 లక్షల డిస్కులు అమ్మింది. అక్టోబరు-డిసెంబరు మధ్య అమ్మినవి 2 కోట్ల 85 లక్షలు. అంటే సగానికి సగం పడిపోయింది. ఇక్కడిదాకా అర్థం కావడం తేలికే: కర్మాగారం మునిగింది, సరుకు తగ్గింది.

అసలు సంగతి ఇకముందుంది. సీగేట్ కర్మాగారాల్లోకి ఒక్క చుక్క వరదనీరు రాలేదు. అయినా దాని ఉత్పత్తీ తగ్గింది. ఎందుచేత? మోటారు వల్ల. ఆ రోజుల్లో ప్రపంచంలోని హార్డ్ డిస్కు మోటార్లలో ముప్పాతిక వంతు దాకా నిడెక్ అనే ఒక్క జపాను కంపెనీవే. దాని థాయ్ కర్మాగారాలు కొన్ని మునిగాయి. తలను పట్టుకునే రేకు తయారుచేసే కర్మాగారం కూడా ఒకటి మునిగింది. మోటారు లేనిదే పళ్ళెం తిరగదు కదా! తడవనివాడు కూడా చేతులు ముడుచుకొని కూర్చోవలసి వచ్చింది. మొత్తం మీద మూడు నెలల్లో ప్రపంచమంతటా 17 కోట్ల పైచిలుకు డిస్కులు తయారయ్యే చోట, ఆ చివరి మూడు నెలల్లో సుమారు 12 కోట్లు మాత్రమే తయారయ్యాయి.

కార్ల సంగతీ అంతే. రోజనాలోని హోండా కార్ల కర్మాగారం మునిగి, 2012 మార్చి చివర్లో గాని మళ్ళీ తెరుచుకోలేదు. నీట నానిన వెయ్యికి పైగా కొత్తకార్లను, వాటి భాగాలు బజారులోకి రాకూడదని తుక్కు కింద నలిపివేశారు. టొయోటా కర్మాగారాల్లోకి నీరు రాలేదు. అయినా అవి అక్టోబరు 10 నుంచి నవంబరు 21 దాకా ఆగిపోయాయి. నీట మునిగింది వాటికి భాగాలు పంపేవారు! అక్కడితో ఆగిందా? అమెరికా, కెనడాలలోని హోండా కర్మాగారాలు నవంబరులో తమ పనిని సగానికి తగ్గించుకున్నాయి. మన దేశంలో అప్పుడే బజారులోకి వచ్చిన హోండా బ్రియో కారుకు కూడా ఈ దెబ్బ తగిలింది. చెరువులో రాయి వేస్తే అలలు గట్టు దగ్గరకు వచ్చేసరికి చిన్నవైపోతాయి. పరిశ్రమల్లో లేచే అల అలా చిన్నదైపోవాలని ఏమీ లేదు.

గాదె లేని ఇల్లు

"కొంత సరుకు ముందుగా నిల్వ పెట్టుకోవచ్చు కదా?" అని మీలో ఎవరికైనా తోచిందా? తోచినవారికి నా అభినందనలు.

మన తాతల ఇళ్ళలో గాదెలు ఉండేవి. ఏడాదికి సరిపడా ధాన్యం, చింతపండు, మిరపకాయలు నిల్వచేసేవారు. ఇప్పుడు నెలకో, వారానికో కొంటున్నాం. ఎందుకు? దుకాణం పక్కనే ఉంది, నిల్వచేస్తే పురుగు పడుతుంది, డబ్బు ఇరుక్కుపోతుంది. కర్మాగారాలూ ఇలాగే ఆలోచించాయి. టొయోటా కంపెనీలో తయీచీ ఓనో అనే ఇంజనీరు ఈ పద్ధతిని శాస్త్రంగా తీర్చిదిద్దాడు. అమెరికాలోని సూపర్ మార్కెట్లలో, బల్లమీది సరుకు ఖాళీ అయినంత మేరకే తెచ్చి నింపడం ఆయనకు నచ్చింది. కారు భాగాలను కూడా అవసరమైనప్పుడు అవసరమైనన్ని మాత్రమే తెప్పించాలన్నాడు. గోదాము అద్దె మిగిలింది. నిల్వలో చిక్కుకునే డబ్బు మిగిలింది. తప్పుడు భాగం వస్తే వెంటనే బయటపడింది. ప్రపంచమంతా ఆ దారే పట్టింది.

ఈ పద్ధతిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ పద్ధతి వల్లనే ఎన్నో వస్తువులు చవక అయ్యాయి. కాని గాదె అంటే వట్టి ధాన్యం కాదు, గడువు కూడా. గాదెలో పదిరోజుల గింజలు ఉంటే, దారి పదిరోజులు మూతపడ్డా పొయ్యి వెలుగుతుంది. కర్మాగారంలో రెండు రోజుల నిల్వే ఉంటే మూడవ రోజు యంత్రం ఆగుతుంది. ఆ రెండు రోజుల లెక్క మామూలు రోజుల్లో ఎవరికీ పట్టదు.

ఇక ధర సంగతి. సరుకు మూడోవంతు కూడా తగ్గలేదు, ధర రెట్టింపు అయింది. ఇదేం లెక్క? రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి, కంప్యూటరు తయారుచేసేవాడికి డిస్కు లేకుండా గడవదు. ధర ఎంతైనా కొంటాడు. రెండవది మన అందరికీ తెలిసినదే. ఉప్పు దొరకదని ఊళ్ళో వదంతి పుడితే ఏమవుతుంది? కిలో కావలసినవాడు ఐదు కిలోలు కొంటాడు. దుకాణదారు పది బస్తాలకు బదులు ఇరవై చెబుతాడు. టోకు వ్యాపారి ఆ ఇరవైని నలభై చేస్తాడు. చెర్నాకోల పిడి దగ్గర చెయ్యి కాస్త కదిలిస్తే చాలు, కొస ఎంత ఎత్తున ఎగురుతుందో చూశారుగా. ఈ రంగంలో పనిచేసేవారు దీన్ని "చెర్నాకోల ప్రభావం" అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. అసలు కొరతకు భయం వల్ల పుట్టిన కొరత తోడవుతుంది. అది త్వరగా పోదు కూడా. 2012లో కర్మాగారాలన్నీ తిరిగి నడుస్తున్నా డిస్కుల ధరలు పాత స్థాయికి వెంటనే దిగిరాలేదు.

అదే నీరు, వేరే సరుకు

ఆ వరదలో మునిగింది కర్మాగారాలే కాదు, వరిపొలాలు కూడా. పైగా 2011లో ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం థాయ్‌లాండే. అలాంటప్పుడు బియ్యం ధర కూడా రెట్టింపు కావాలి కదా?

కాలేదు. అలా ఎందుకు జరగలేదో చూస్తే మొత్తం విషయం తేటపడుతుంది. బియ్యం అమ్మడానికి వియత్నాం ఉంది, పాకిస్తాన్ ఉంది, మనం ఉన్నాం. బాస్మతి కాని బియ్యం ఎగుమతి మీద కొన్నేళ్ళుగా ఉన్న నిషేధాన్ని మన ప్రభుత్వం సరిగ్గా 2011 సెప్టెంబరులో ఎత్తివేసింది. మన కాకినాడ రేవు నుంచి ఉప్పుడు బియ్యం ఆఫ్రికా దేశాలకు ఓడలకెత్తడం మళ్ళీ జోరందుకుంది. 2012లో బియ్యం ఎగుమతిలో మనదే మొదటి స్థానం. ఒకచోట పొలం మునిగితే మరోచోటి గింజ దాని స్థానంలో వచ్చి నిలబడింది. ఒక వరిగింజ స్థానంలో మరో వరిగింజ వండుకోవచ్చు. మోటారు స్థానంలో ఏం పెడతారు?

కాబట్టి ఒక ఉపద్రవం ఎంత దూరం పాకుతుందో తెలియాలంటే నీరు ఎన్ని మీటర్లు వచ్చిందని అడిగితే చాలదు. ఆ నీరు దేని మీద పడిందో అడగాలి. దాన్ని ఇంకెవరు తయారు చేస్తారు? నిల్వ ఎన్నాళ్ళకు ఉంది? పోయినది మళ్ళీ రావడానికి ఎంత కాలం పడుతుంది?

ఈ మూడవ ప్రశ్న గురించి కోనసీమ పిల్లలకు నేను చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది. కోనసీమ కొబ్బరితోటలను కూల్చివేసింది. మునిగిన వరిచేను మరుసటి పంటకు మళ్ళీ పచ్చబడుతుంది. బాంగ్ పా-ఇన్ కర్మాగారంలో గజ ఈతగాళ్ళు నీటిలోకి దిగి యంత్రాలను బయటికి తీశారు. వాటిని కడిగి, ఆరబెట్టి, కొన్ని వారాల్లోనే కొంత పని మొదలుపెట్టగలిగారు. కాని కొబ్బరి మొక్క నాటితే? మన నాటురకం కాపుకు రావడానికి ఆరేడు సంవత్సరాలు పడుతుంది. ఆ ఆరేడేళ్ళూ తోట యజమాని ఒక్కడే కాదు, కాయ దింపేవాడు, పీచు వలిచేవాడు, తాడు పేనే ఆడవాళ్ళు, కురిడీ ఎండబెట్టేవాళ్ళు, అంబాజీపేట బజారులో మూటలు మోసే హమాలీ, లారీ డ్రైవరు ఎదురుచూడవలసిందే. చెట్టుకు నష్టపరిహారం అంటే చెట్టు యజమానికి ఇస్తారు. తాడు పేనే ఆమెకు చెట్టెక్కడిది?

లెక్కలో పడేది, పడనిది

థాయ్ వరద వల్ల కలిగిన మొత్తం నష్టాన్ని ప్రపంచ బాంకు 1,42,500 కోట్ల బాత్‌లని అంచనా వేసింది. బాత్ థాయ్‌లాండు నాణెం. డాలర్లలో సుమారు 4,570 కోట్లు. ఆ లెక్కను రెండు భాగాలు చేశారు. కూలిన గోడలు, చెడిన యంత్రాలు, తెగిన రోడ్ల ఖరీదు ఒక భాగం. అది సుమారు 63,000 కోట్ల బాత్‌లు. పని ఆగిపోవడం వల్ల రాకుండా పోయిన ఆదాయం రెండవ భాగం. అది సుమారు 79,500 కోట్లు. చూశారా! కంటికి కనిపించే నష్టం కంటే కనిపించనిదే ఎక్కువ. మొత్తంలో సుమారు 70 శాతం పరిశ్రమల వాటా. ఆ ఏడాది చివరి మూడు నెలల్లో థాయ్‌లాండు మొత్తం ఉత్పత్తి, ముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే సుమారు 9 శాతం పడిపోయింది.

విచిత్రమేమిటంటే ఈ నష్టంలో కొందరికి లాభం కూడా వచ్చింది. సీగేట్ ఉత్పత్తి కొంత తగ్గినా ధరలు పెరిగాయి కనుక దాని లాభం పెరిగింది. వెస్టర్న్ డిజిటల్‌ను దాటి అమ్మకాల్లో మొదటి స్థానానికి వచ్చింది. దీనికి ఎవరినీ తప్పుపట్టలేం. తడవని అంగడికి గిరాకీ పెరగడం సహజమే.

మరి పనివాళ్ళ సంగతి? పారిశ్రామికవాడల్లో పనిచేసేవారిలో చాలామంది ఈశాన్య థాయ్‌లాండు పల్లెలనుంచి వచ్చినవారు. నెలనెలా ఇంటికి డబ్బు పంపేవారు. అద్దెగది మునిగింది, జీతం ఆగింది, చేతిసంచితో ఇంటికి బయలుదేరారు. వాళ్ళ ఊరికి వరద రాకపోవచ్చు. కాని ఆ నెల డబ్బు రాని ఇంట్లో ఏ ఖర్చు ఆగి ఉంటుందో మీరే ఊహించండి. కొన్ని వేలమంది పనివాళ్ళను మాత్రం జపాను తాత్కాలికంగా తమ దేశానికి రప్పించుకొని, అక్కడి కర్మాగారాల్లో అవే భాగాలను తయారు చేయించుకుంది. యంత్రం దొరికినా దాన్ని నడిపే చెయ్యి దొరకడం అంత తేలిక కాదన్నమాట! ఇంకొకటి. దినకూలీ కనీసం 300 బాత్‌లు చేస్తామని కొత్త ప్రభుత్వం మాట ఇచ్చింది. 2012 జనవరి 1 నుంచి రావలసిన ఆ పెంపు బాంకాక్ పరిసరాల్లో వరద కారణంగా ఏప్రిల్ 1కి వాయిదా పడింది. ఇలాంటి మూడు నెలలు ఏ నష్టం పట్టికలోనూ కనిపించవు.

బాంకాక్ నడిబొడ్డును కాపాడాలని నగరం చుట్టూ ఇసుక మూటలతో కట్టలు వేశారు. కట్టకు లోపలివారు బతికిపోయారు. బయటివారు వారాల తరబడి కుళ్ళునీటిలో ఉండిపోయారు. అక్టోబరు చివరిలో సామ్ వా కాలువ దగ్గర జనం తిరగబడి, తూము తలుపు ఎత్తి తమ నీటిని కిందికి వదలమన్నారు. వదిలితే దిగువన ఉన్న బాంగ్ చాన్ పారిశ్రామికవాడ మునిగిపోవచ్చని అధికారుల భయం. ఎవరిది న్యాయం? నా మట్టుకు, కట్ట ఎక్కడ వేయాలో నిర్ణయించేటప్పుడే బయట మిగిలేవారికి ఏమివ్వాలో కూడా నిర్ణయించి ఉండవలసిందని అనిపిస్తుంది.

వరద తీశాక పారిశ్రామికవాడల చుట్టూ ఎత్తయిన వరదగోడలు కట్టారు. కంపెనీల్లో చాలావరకు వెళ్ళిపోకుండా అక్కడే ఉన్నాయి. గోడ మంచిదే కాని నీటిని తాగెయ్యదు. నిండా నీళ్ళున్న పళ్ళెంలో ఒక గ్లాసు బోర్లించి పెట్టి చూడండి. గ్లాసు ఆక్రమించినంత నీరు అంచు దాటి బల్లమీదికి పోతుంది. అయుత్తయ పక్కనే బాంగ్ బాన్ అనే ప్రాంతం ఉంది. పల్లపు పొలాలు. అక్కడి ఊళ్ళలోకి వానాకాలం చివర తరచుగా నీరు వస్తూనే ఉంది.

ఇక మీకో పని. మీ వీధిలోని కిరాణా దుకాణానికి, గిరాకీ లేని మధ్యాహ్నంపూట ఒక కాగితం, పెన్సిలు పట్టుకొని వెళ్ళండి. దుకాణదారును మర్యాదగా అడగండి. "బాబాయ్, ఇవాళ్టినుంచి లారీ రాకపోతే మీ దగ్గర ఏది ఎన్నాళ్ళు వస్తుంది?" కందిపప్పు, నూనె, ఉప్పు, సబ్బు, రొట్టె, పాలు — పది వస్తువులకు రోజుల లెక్క రాసుకోండి. ఒక్కొక్కటి ఏ ఊరినుంచి వస్తుందో, ఆ ఊరు కాకపోతే ఇంకెక్కడ దొరుకుతుందో పక్కనే రాయండి. "ఇంకెక్కడా దొరకదు" అని రాయవలసి వచ్చిన వస్తువు కింద ఎర్రగీత గీయండి. చివరగా అగ్గిపెట్టెలు అడిగి, వాటి మీద అచ్చువేసిన ఊళ్ళ పేర్లు చదవండి. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి — వీటిలో ఏది ఎన్నిసార్లు కనిపించిందో లెక్కపెట్టి, ఆ మూడు ఊళ్ళకూ మధ్య ఎంత దూరమో అట్లాసు తెరిచి చూడండి.